పాల లెక్క ఒక్క రాత్రిలో ఖాళీ: జేసన్ ఫైల్‌ని బాగుచేసుకోవాలా, డేటాబేస్‌కి మారాలా?

ప్రశ్న: కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి జావాస్క్రిప్ట్ నేర్చుకున్నారు. బాబాయి నడిపే పాల కేంద్రం కోసం నోడ్ జేఎస్‌లో (బ్రౌజర్ లేకుండా కంప్యూటర్ మీదే జావాస్క్రిప్ట్ నడిపేది) చిన్న ప్రోగ్రాం రాశారు. పొద్దున, సాయంత్రం పాలు పోసేవాళ్ల పేరు, లీటర్లు, ఫ్యాట్ కొడితే పది రోజులకొకసారి బిల్లు వచ్చేస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సర్వర్ నడుస్తుంటే, వైఫై మీద బాబాయి ఫోన్ నుంచి, ఆమె ఫోన్ నుంచి ఎంట్రీలు వెళ్తాయి. లెక్కంతా ఒక్క జేసన్ ఫైల్‌లో, అంటే డేటాని మామూలు అక్షరాలుగా దాచే ఫైల్‌లో ఉండేది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైపోయి నేరుగా కరెంటు మీదే నడుస్తోంది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే రెండు నెలల లెక్క లేదు. బాబాయి ఇంటింటికీ తిరిగి రైతుల దగ్గరున్న చీటీలు పోగుచేసి పుస్తకంలో మళ్లీ రాసుకున్నారు. "ఇక పుస్తకమే నయం" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పెదనాన్నగారి అబ్బాయి "జేసన్‌లో లెక్కలేంటి, మోంగోడీబీయో పోస్ట్‌గ్రెస్సో పెట్టు, ఎస్‌క్యూలైట్ పిల్లలాట" అన్నారట. ఈ మూడూ డేటాబేస్‌లే. ఆయన మాట పక్కనబెట్టి ఒక పాత పాఠం చూసి నోడ్ నుంచి ఎస్‌క్యూలైట్ వాడుకునే బెటర్-ఎస్‌క్యూలైట్3 అనే లైబ్రరీ ఎక్కించబోతే తెరనిండా ఎర్ర గీతలు, నోడ్-జిప్ అంటూ ఎర్రర్లు. ఇవికాక, తెల్లవారుజామునే వచ్చే ముగ్గురి పాలు తరచూ ముందు రోజు కింద పడుతున్నాయి. అప్పుడప్పుడు ఒక ఎంట్రీ కనబడకుండా పోతుంది. ఎంట్రీ కొట్టిన ప్రతిసారీ సర్వర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. "నిద్రమత్తులో తప్పు కొట్టావంటున్నారు బాబాయి. నాకు ఈ పని చేతకాదేమో. మానేయాలా? కొనసాగిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. ప్రోగ్రాం కోడ్ కూడా జతచేశారు.

సమాధానం:

ముందు ఆ ముగ్గురు రైతుల సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ నింద మీ మీద ఉండకూడదు. తేదీ కోసం మీరు టుఐఎస్‌ఓస్ట్రింగ్ వాడి, అందులో మొదటి పది అక్షరాలు తీసుకున్నారు. ఆ ఫంక్షన్ మన టైము ఇవ్వదు, ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమైన యూటీసీ ఇస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. తెల్లవారి 5 గంటలకు మీరు ఎంట్రీ కొడితే యూటీసీలో అది ముందు రోజు రాత్రి 11:30. అంటే 5:30లోపు పాలు పోసిన ప్రతివాళ్ల లెక్కా నిన్నటి కింద పడుతుంది, 5:31కి వచ్చినవాళ్లది సరిగ్గా పడుతుంది. మీ నిద్రమత్తుకీ దీనికీ సంబంధం లేదు. తేదీని గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్, గెట్‌డేట్‌లతో కూర్చుకోండి. నెల సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి కలపాలి. నెలకీ రోజుకీ ముందు సున్నా వచ్చేలా ప్యాడ్‌స్టార్ట్ పెట్టాలి. రేపు ఎస్‌క్యూలైట్‌కి మారినా ఈ జాగ్రత్త తప్పదు, దాని డేట్ ఫంక్షన్‌కి 'నౌ' అని ఇచ్చినా వచ్చేది యూటీసీయే.

ఇక లెక్క ఎలా పోయిందో చూద్దాం. మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది, ఫైల్ ఖాళీ అవడం. మీరు వాడిన రైట్‌ఫైల్ పాత ఫైల్‌ని ముందు సున్నా బైట్లకు ఖాళీ చేసి, ఆ తర్వాత కొత్తది రాస్తుంది. ఆ రెంటి మధ్య కరెంటు పోతే మిగిలేది ఖాళీ ఫైల్. మర్నాడు ప్రోగ్రాం దాన్ని చదవబోయి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ జేసన్ ఇన్‌పుట్" అంది. అక్కడ ఆగిపోయి ఉంటే మీరు వెంటనే గమనించేవారు. కానీ మీ కోడ్‌లో, తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే క్యాచ్ దగ్గర "చదవలేకపోతే ఖాళీ జాబితాతో మొదలుపెట్టు" అని ఉంది. దాంతో తప్పు బయటపడకుండా, పొద్దున కొట్టిన మొదటి ఎంట్రీతో కొత్త ఫైల్ తయారైపోయింది. మొదటిసారి ఫైల్ లేనప్పుడు ఇబ్బంది లేకుండా అని ఆ లైను రాసుకుని ఉంటారు. ఫైల్ లేకపోవడం వేరు, ఉండీ చదవలేకపోవడం వేరు. రెండోదానికి ప్రోగ్రాం ఆగిపోవడమే సరైన పని.

రెండోది, ఎంట్రీలు మాయమవడం. బాబాయి ఫోన్ నుంచి సూరమ్మగారి పాలు, అదే సెకనులో మీ ఫోన్ నుంచి వెంకయ్యగారి పాలు వచ్చాయనుకోండి. రెండు రిక్వెస్టులూ ఫైల్ చదివాయి, రెంటికీ 118 ఎంట్రీలే కనిపించాయి. మొదటిది సూరమ్మగారిని 119వదిగా చేర్చి రాసింది. రెండోది తన చేతిలో ఉన్న పాత 118కి వెంకయ్యగారిని 119వదిగా చేర్చి దానిమీదే రాసేసింది. సూరమ్మగారి పాలు ఎవరూ చెరపకుండానే చెరిగిపోయాయి.

మూడోది, సర్వర్ పదేపదే మొదలవడం. మీరు నోడ్‌మాన్‌తో నడుపుతున్నారు. అది జేఎస్ ఫైళ్లతోపాటు జేసన్ ఫైళ్లు మారినా సర్వర్‌ని ఆపి మళ్లీ లేపుతుంది. మీ లెక్క ఫైల్ కూడా జేసనే కాబట్టి, ఎంట్రీ పడ్డ ప్రతిసారీ మీ సర్వర్‌ని మీరే ఆపుకుంటున్నారు. ఆ ఆగిన క్షణంలో రెండో ఫోన్ నుంచి వచ్చిన ఎంట్రీకి దిక్కు లేదు. నోడ్‌మాన్ కోడ్ రాసుకునేటప్పుడు వాడేది. కేంద్రం నడిచే వేళ మామూలుగా నోడ్‌తోనే నడపండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

జేసన్‌లోనే ఉండిపోవడం ఒకటి. తీసిపారేయాల్సిన ఆలోచన కాదు. లోడీబీ అనే చిన్న లైబ్రరీ ఉంది. అది కొత్త లెక్కని పక్కన వేరే తాత్కాలిక ఫైల్‌లో రాసి, పూర్తయ్యాకే పేరు మార్చి అసలు ఫైల్ స్థానంలో పెడుతుంది. అందువల్ల సగం రాసిన ఫైల్ మిగిలే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఫైల్‌ని సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే చదివి, ఆ తర్వాత మెమరీలో ఉన్నదాన్నే మారుస్తూ రాస్తే సూరమ్మగారి సమస్యా తీరుతుంది. ఒక్క రోజులో మారిపోవచ్చు. అయితే ఒక్క ఎంట్రీ చేర్చినా ఫైల్ మొత్తం మళ్లీ రాస్తుంది. ఒకే రైతుకి ఒకే పూట రెండుసార్లు కొడితే అడ్డుకునే దిక్కు ఉండదు, ఆ కాపలా అంతా మీ కోడే కాయాలి. సెట్టింగులకో, చిన్న జాబితాలకో ఇది హాయిగా సరిపోతుంది. నలుగురికీ డబ్బు చెల్లించే లెక్కకి మాత్రం నా మనసు ఒప్పదు.

పోస్ట్‌గ్రెస్, మోంగోడీబీ మీ అన్నయ్య చెప్పిన దారి. ఆయన మాటలో నిజం ఉంది, ఉద్యోగాల్లో అవి అడుగుతారు, నేర్చుకుంటే మంచిదే. కానీ మీ ఉద్యోగ ప్రయత్నం వేరు, బాబాయి కేంద్రం వేరు. అవి పెడితే ల్యాప్‌టాప్‌లో మరో సర్వర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. దాని పాస్‌వర్డ్, పోర్టు, బ్యాకప్ పద్ధతి, వెర్షన్ మార్పు అన్నీ మీ నెత్తిమీదే. క్లౌడ్‌లో పెడితే పొద్దున్నే ఇంటర్నెట్ పోయిన రోజు పాల క్యాన్లతో వరుస నిలబడిపోతుంది. పక్క ఊళ్లో బాబాయి రెండో కేంద్రం పెట్టి, రెండు చోట్ల నుంచీ ఒకే లెక్కలోకి రాయాల్సి వచ్చిన రోజు పోస్ట్‌గ్రెస్ గురించి తప్పకుండా ఆలోచించండి. ఆ రోజు ఇంకా రాలేదు.

ఎస్‌క్యూలైట్ పిల్లలాట అన్నది మాత్రం సరికాదు. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేస్ ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉంది, మీ చేతిలోని ఫోన్‌లో కాంటాక్టులు దాచేది అదే. వేరే సర్వర్ అక్కర్లేదు, లెక్కంతా ఒక్క ఫైల్‌లో ఉంటుంది. జేసన్‌తో తేడా ఏమిటంటే, ఒక మార్పు పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. మధ్యలో కరెంటు పోతే, పక్కన రాసిపెట్టుకున్న జర్నల్ ఫైల్ చూసి మళ్లీ తెరిచినప్పుడు పాత స్థితికి తనే వెళ్తుంది. మీ అవసరానికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. కింద రాసేదంతా దాని గురించే. నిర్ణయం మీది.

ముందు ఆ ఎర్ర గీతలు. బెటర్-ఎస్‌క్యూలైట్3 లోపల సీ ప్లస్ ప్లస్ కోడ్ ఉంది. మీ నోడ్ వెర్షన్‌కి ముందే తయారుచేసిన ఫైల్ దొరికితే దాన్ని దించుకుంటుంది. దొరక్కపోతే మీ కంప్యూటర్‌లోనే తయారుచేయబోతుంది, దానికి పైథాన్, విజువల్ స్టూడియో వాళ్ల సీ ప్లస్ ప్లస్ పనిముట్లు కావాలి. అవి లేక నోడ్-జిప్ అరిచింది. మీరు పాత పాఠంలోని ప్యాకేజ్ జేసన్‌ని ఉన్నదున్నట్టు దించుకున్నారు, అందులో లైబ్రరీ 7వ వెర్షన్ ఉంది. మీ నోడ్ 22, అది వచ్చింది 2024లో. దానికంటే ముందటి లైబ్రరీలో దానికి తగ్గ ఫైల్ ఎలా ఉంటుంది? ప్యాకేజ్ జేసన్‌లో ఆ లైను తీసేసి, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు, ప్యాకేజ్ లాక్ ఫైలు తొలగించి, వెర్షన్ అంకె ఇవ్వకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు ఎక్కుతుంది. ముందుముందు నోడ్ పెద్ద వెర్షన్ మార్చినప్పుడు "నోడ్ మాడ్యూల్ వెర్షన్" కుదరలేదని ఎర్రర్ వస్తే ఎన్‌పీఎం రీబిల్డ్ కొట్టండి.

ఇంకో సులువు కూడా ఉంది. నోడ్ 22.5 నుంచి ఎస్‌క్యూలైట్ నోడ్‌లోనే వస్తోంది. 22.13 నుంచి దానికి ప్రత్యేకమైన ఫ్లాగ్ (నోడ్‌ని నడిపేటప్పుడు చేర్చే అదనపు మాట) కూడా అక్కర్లేదు. నోడ్ వెర్షన్ ఒకసారి చూసుకోండి, 22.13 లేదా ఆపైన ఉంటే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా "నోడ్:ఎస్‌క్యూలైట్" నుంచి డేటాబేస్‌సింక్ అనే క్లాస్ తెచ్చుకుంటే చాలు. 22లో ఇది ఇంకా ప్రయోగ దశలోది అని హెచ్చరిక ఒకటి కనిపిస్తుంది, భయపడకండి. రెంటి మధ్య తేడా కొంచెమే. బెటర్-ఎస్‌క్యూలైట్3 బాగా నలిగింది, ట్రాన్సాక్షన్‌కి (కొన్ని మార్పులను కలిపి ఒకే మార్పుగా చేయడానికి) సొంత ఫంక్షన్ ఉంది. నోడ్‌లో ఉన్నదానికి అది లేదు, మీరే మొదట బిగిన్, చివర కమిట్ రాయాలి. ప్రిపేర్, రన్, గెట్, ఆల్, ఎగ్జిక్ పేర్లు రెండింట్లోనూ ఒకటే కాబట్టి దీనితో మొదలుపెట్టి తర్వాత దానికి మారినా పెద్ద పని ఉండదు. కొత్తవాళ్లకి నోడ్‌లో ఉన్నదే ముందు చేయి తిరగడానికి మంచిదంటాను.

రెండూ సింక్రనస్‌గా, అంటే ఒక పని ముగిశాకే ఇంకోదానికి వెళ్లేలా పనిచేస్తాయి, ఎక్కడా అవెయిట్ ఉండదు. సర్వర్ ఆగిపోతుందని మీ అన్నయ్య అనవచ్చు. పక్కనే డిస్క్‌లో ఉన్న ఫైల్‌లోంచి ఒక రైతు పది రోజుల ఎంట్రీలు తీయడం రెప్పపాటు కూడా పట్టదు. లక్షల ఎంట్రీల మీద పెద్ద రిపోర్టు తీసేటప్పుడు మాత్రం మిగతా రిక్వెస్టులు ఆగుతాయి, మీకు ఇప్పట్లో ఆ బాధ లేదు.

టేబుళ్ల దగ్గర కాస్త నిదానించండి, తర్వాత తలనొప్పులన్నీ ఇక్కడే పుడతాయి. మొదటిది రైతులు: నంబరు, పేరు, ఫోను. రెండోది ఎంట్రీలు: రైతు నంబరు, తేదీ, పూట, పాలు గేదెవా ఆవువా, మిల్లీలీటర్లు, ఫ్యాట్, లీటరు ధర, మొత్తం, బిల్లు నంబరు. లీటర్లు 4.5 అని కాకుండా 4500 అని, ఫ్యాట్ 6.4ని 64 అని, డబ్బు రూపాయల్లో కాకుండా పైసల్లో, అన్నీ పూర్ణాంకాలుగా దాచండి. జావాస్క్రిప్ట్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. మార్చేటప్పుడు మ్యాథ్ రౌండ్ తప్పనిసరి. 4.35ని 100తో గుణిస్తే 434.99999999999994 వస్తుంది, అక్కడ దశాంశం కోసేస్తే ఒక పైసా పోయినట్టే. బిల్లులో ఒక్క పైసా తేడా వచ్చినా బాబాయి పుస్తకం వైపే చూస్తారు.

లీటరు ధరని ఆ ఎంట్రీలోనే రాయమన్నది ఊరికే కాదు. ధర వేరే చోట ఒక్కటే ఉంటే, వచ్చే నెల రేటు పెరిగినప్పుడు పాత బిల్లు మళ్లీ తీస్తే కొత్త రేటుతో వస్తుంది. అప్పుడు రైతుకి ఏం జవాబు చెబుతారు?

టేబుల్ చివర రైతు, తేదీ, పూట, పాల రకం నాలుగూ కలిపి యూనిక్ అని పెట్టండి. ఫోన్ నెమ్మదిగా ఉందని బాబాయి బటన్ రెండుసార్లు నొక్కినా రెండో ఎంట్రీని డేటాబేసే తిప్పికొడుతుంది. పాల రకం చేర్చకపోతే గేదె పాలు, ఆవు పాలు రెండూ పోసేవాళ్ల రెండో ఎంట్రీ ఆగిపోతుంది, మరిచిపోకండి. అలాగే ఒకే పూట గేదె పాలు రెండు క్యాన్లలో తెచ్చేవాళ్లుంటే రెండూ కలిపి ఒకే ఎంట్రీగా కొట్టాలి. టేబుల్ నిర్వచనం ముగిశాక స్ట్రిక్ట్ అన్న మాట చేర్చండి. అది లేకపోతే ఎస్‌క్యూలైట్ అంకెల కాలమ్‌లో "నాలుగున్నర" అని అక్షరాలు పెట్టినా మాట్లాడకుండా దాచుకుంటుంది.

ఎంట్రీ చేర్చే వాక్యంలో విలువల స్థానంలో ప్రశ్నార్థకాలు పెట్టి, ప్రిపేర్ చేసి, అసలు విలువలను రన్‌కి వరుసగా ఇవ్వండి. పేరునో అంకెనో బ్యాక్‌టిక్‌లలో వాక్యంలోనే అతికించొద్దు. ఫోన్ నుంచి వచ్చే అక్షరాలు డేటాబేస్‌కి ఆజ్ఞగా మారే ప్రమాదం అక్కడే ఉంది. మొదటి రోజుల్లో తగిలే ఎర్రర్లు రెండు ముందే చెబుతాను. ఎస్‌క్యూఎల్ వాక్యంలో 'ఉదయం' అన్నదాన్ని ఒంటి కోట్లలో రాయాలి. జంట కోట్లలో రాస్తే దాన్ని కాలమ్ పేరనుకుని "నో సచ్ కాలమ్" అంటుంది. ఇక ట్రూ, ఫాల్స్, డేట్ ఆబ్జెక్టు నేరుగా ఇస్తే తీసుకోదు. ట్రూకి 1, ఫాల్స్‌కి 0, తేదీకి 2025-01-09 లాంటి అక్షరాలు ఇవ్వాలి.

బిల్లు వేసేటప్పుడు మూడు పనులు జరుగుతాయి: ఎంట్రీలు కూడటం, బిల్లు టేబుల్‌లో రాయడం, ఆ ఎంట్రీలకు బిల్లు నంబరు వేయడం. మధ్యలో ఆగితే రైతుకి ఒకే పాలకి రెండుసార్లు డబ్బు వెళ్లొచ్చు. అందుకే ముందు బిగిన్, అన్నీ అయ్యాక కమిట్, తప్పు వస్తే క్యాచ్‌లో రోల్‌బ్యాక్. వాటి మధ్య అవెయిట్ ఎక్కడా రానివ్వకండి, వస్తే ఆ సందులో వేరే రిక్వెస్టు దూరి తన ఎంట్రీని కూడా మీ ట్రాన్సాక్షన్‌లో కలిపేస్తుంది.

ఏ పాఠం తెరిచినా వాల్ మోడ్ (మార్పులను ముందు పక్కన వేరే ఫైల్‌లో రాసే పద్ధతి) పెట్టమంటారు. పూటకి వందో రెండొందలో ఎంట్రీలు పడే మీకు అవసరం లేదు. బెటర్-ఎస్‌క్యూలైట్3లో వాల్ పెడితే, డిస్క్ మీద రాయడం పూర్తయ్యేదాకా ఎంత గట్టిగా ఆగాలో చెప్పే సింక్రనస్ అన్న సెట్టింగ్ నార్మల్‌కి దిగుతుంది. ఫైల్ చెడిపోదు కానీ కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని ఎంట్రీలు వెనక్కి పోయే అవకాశం ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న ఇబ్బందే కరెంటు. మామూలు పద్ధతిలోనే వదిలేయండి.

డేటాబేస్ ఫైల్‌ని వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటి వాటికి సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టొద్దు, చాలా ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ కూడా అలాంటిదే. ఉచిత హోస్టింగుల్లో పెట్టాలనుకుంటే ముందు డిస్క్ సంగతి కనుక్కోండి, కొన్నిచోట్ల కోడ్ మళ్లీ ఎక్కించినప్పుడల్లా ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. బ్యాకప్‌కి, సర్వర్ నడుస్తుండగా ఫైల్‌ని కాపీ కొట్టకుండా, "వ్యాక్యూమ్ ఇంటూ" అన్న వాక్యంతో ఆ రోజు తేదీ పేరు మీద కొత్త ఫైల్ తీయండి. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే అది ఒప్పుకోదు, అందుకే తేదీ. సాయంత్రం పూట ముగిశాక ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి. పది రోజుల బిల్లు పడ్డ రోజు దాన్ని వేరే చోట తెరిచి మొత్తం సరిచూడండి, తెరవని బ్యాకప్‌ని లెక్కలో వేసుకోలేం.

పుస్తకంలో ఉన్న రెండు నెలల లెక్కని ఎక్కించేటప్పుడు ఒక్కో ఎంట్రీకీ డిస్క్‌మీద రాయడం పూర్తయ్యేదాకా ఆగుతుంది కాబట్టి ఆలస్యమవుతుంది. అన్నీ ఒక ఫైల్‌లో కొట్టుకుని ఒకే ట్రాన్సాక్షన్‌లో చేర్చితే వేలకొద్దీ ఎంట్రీలు క్షణాల్లో పడతాయి. ఎన్ని ఎంట్రీలు, ఎన్ని లీటర్లు, ఎన్ని పైసలు అన్న మూడు మొత్తాలూ పుస్తకంతో కలవాలి.

బాబాయి విషయం. పుస్తకమే నయం అన్నది ఆయన కోపంలో అన్న మాటైనా, ఇంటింటికీ తిరిగిన మనిషి అన్న మాట. వాదించకండి. రెండు బిల్లుల వరకు, అంటే ఇరవై రోజులు, పుస్తకమూ ప్రోగ్రామూ రెండూ నడుపుదామని అడగండి. పని రెట్టింపవుతుంది, ఆ భారం మీరే తీసుకోండి. ఆయన పుస్తకం మానేయాలని కూడా పట్టుబట్టకండి. రోజూ సాయంత్రం ప్రోగ్రాం నుంచి ఆ రోజు లెక్క ఒక కాగితం మీద ప్రింటు తీసి పుస్తకంలో పెట్టుకుంటానంటే అది చక్కటి బ్యాకప్పే. తేదీ ఎందుకు తప్పు పడిందో మాత్రం పక్కన కూర్చోబెట్టి చూపించండి: తెల్లవారి 5:20కి పాత కోడ్‌తో ఒక ఎంట్రీ, 5:35కి ఇంకొకటి. రెండు తేదీలు ఆయనే చదువుకుంటారు.

ఆయన ధైర్యం కోసం ఇంకొకటి చేయవచ్చు. అసలు లెక్క మీద కాదు, కాపీ మీద. ఒకే ట్రాన్సాక్షన్‌లో పది లక్షల దొంగ ఎంట్రీలు చేర్చే చిన్న స్క్రిప్టు రాసి, అది నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో నోడ్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్లీ తెరిచి ఎంట్రీలు లెక్కపెట్టమంటే, ముందున్న సంఖ్యే వస్తుంది, సగం సగం ఏదీ ఉండదు. అదే పరీక్ష పాత జేసన్ కోడ్‌తో చేస్తే కొన్నిసార్లు బాగానే ఉంటుంది, ఒకసారి ఫైల్ ఖాళీగా కనిపిస్తుంది. ప్రోగ్రాంని ఆపడం, కరెంటు పోవడం అచ్చంగా ఒకటి కాదు. అందుకని ఎస్‌క్యూలైట్ ఎంత గట్టిదైనా ఆ ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ వేయించండి.